ఆట, తీరిక, అభిరుచి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బాల్యం – ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

పిల్లల అభిరుచులు తరాల వెంట ఎట్లా మారినవి అన్న ప్రశ్నకు తెలుగు జానపద, బాలసాహిత్య పరిశోధన సాధారణంగా 'పాత ఆటలు కనుమరుగైనవి' అని బదులిస్తున్నది. ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాలకుర్తి, బమ్మెర కవుల కావ్యసాక్ష్యం, జనగామ పల్లెల బొడ్డెమ్మ, మహబూబాబాద్ తండాల తీజ్, భూపాలపల్లి గని కాలనీల తీరిక వేళలు ఇందుకు ఆధారాలు. ఆటల పేర్లకన్నా పిల్లల సమయంపై ఎవరి అజమాయిషీ ఉన్నదన్నదే తరాల మధ్య అసలైన భేదమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాల్యం, ఆట, అభిరుచి, బొడ్డెమ్మ, తీజ్, పాల్కురికి సోమనాథుడు, పోతన, ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

1. జాబితా, నిట్టూర్పు

పిల్లల ఆటపాటలపై తెలుగులో వెలువడుతున్న పరిశోధన వ్యాసాలు చాలావరకు ఒక జాబితాతో మొదలై ఒక నిట్టూర్పుతో ముగుస్తాయి. చిర్రగోనె, గోటీలు, బొంగరం, కచ్చకాయలు, ఓమనగుంటలు, అష్టాచెమ్మ, దాడి, పులిజూదం, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు అంటూ పేర్లు వరుసగా వస్తాయి. ఒక్కో ఆటకు నాలుగు వాక్యాల వివరణ ఉంటుంది. చివర, సెల్‌ఫోను వచ్చి ఇవన్నీ అంతరించిపోయాయన్న ఆవేదన ఉంటుంది.

జాబితాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలను గాలించి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించకపోతే మన ఆటల చరిత్రకు మొదటి మెట్టే ఉండేది కాదు. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి'లోని ఆటల పేర్లలో ఎన్నింటికో ఈనాడు అర్థం చెప్పడం కష్టం. అయితే ప్రతాపరెడ్డి ఆటలను తిండి, బట్ట, వర్తకం, పన్నులు, మతాచారాల పక్కన నిలిపి చదివాడు. ఆయన తరువాత వచ్చిన పరిశోధన ఆ పక్కవస్తువులను వదిలి జాబితాను మాత్రం తీసుకున్నది. ఆట ఆడిన పిల్లవాడు ఏ ఇంటివాడు, ఆ వేళకు అతని మీద ఏ పని ఉన్నది, అతని అక్క ఎక్కడ ఉన్నది అన్న ప్రశ్నలు దీనితో మరుగునపడ్డాయి.

నిట్టూర్పు విషయంలో చిక్కు మరింత లోతైనది. ఒకనాడు పిల్లలందరికీ ఒకే రకమైన తీరిక ఉండేదని అది ముందే అనుకుంటుంది. మన చేతిలో ఉన్న రాతపూర్వక సాక్ష్యం అట్లా చెప్పదు. దాశరథి కృష్ణమాచార్య, దాశరథి రంగాచార్య సోదరుల స్వగ్రామం చిన్నగూడూరు నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. కృష్ణమాచార్య 'యాత్రాస్మృతి', రంగాచార్య 'జీవనయానం' నిజాం కాలపు ఈ ప్రాంత జీవితానికి విలువైన ఆధారాలు. కాని ఆ తరంలో తమ బాల్యం గురించి రాయగలిగినవారు బాల్యంలో అక్షరం దక్కినవారే. అదే ఊరిలో, అదే ఏటిలో జీతానికి కుదిరి దొరల గొడ్లు కాసిన పిల్లవాడు తన ఆటలను ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. అతని ఆటలకు ఆధారం మౌఖికమే. అందులోనూ ఆడపిల్లల జ్ఞాపకాలను సేకరించినది మరీ తక్కువ.

గొడ్లు కాసే పిల్లలకు ఆట పని మధ్యలోనే దొరికింది. బండ మీద బొగ్గుతో గీతలు గీసి, గులకరాళ్లను మేకలుగా, పెద్దరాళ్లను పులులుగా పెట్టి పులిజూదం ఆడేవారు. మంద చేనిలో పడితే ఆట అక్కడే ఆగేది. చెల్లెలిని చంకన వేసుకున్న ఆడపిల్ల కచ్చకాయలు ఆడిందంటే, ఒక చేతితో ఆడే ఆట కనుకనే ఆడగలిగింది. ఈ ఆటలను 'తీరిక వేళల అభిరుచులు' అన్న శీర్షిక కింద పెట్టడం సరికాదు. అవి తీరిక లేని పిల్లలు పని సందుల్లో కల్పించుకున్నవి. పల్లె ఆటల సరంజామా రాయి, పుల్ల, గింజ, గీతలకు పరిమితమై ఉండడానికి పేదరికం ఒక కారణమైతే, ఎప్పుడంటే అప్పుడు వదిలి లేవవలసి రావడం మరొక కారణం.

ఇక్కడ ఒక పద్ధతి విషయం ప్రస్తావించాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుండి ఏర్పడినవి. 2019లో భూపాలపల్లి నుండి ములుగు విడిపోయింది. ఇటీవలి పరిశోధనల్లో 'ఫలానా జిల్లా బాలల క్రీడలు' అన్న శీర్షికలు కనిపిస్తున్నాయి. పరిపాలన గీతలను సాంస్కృతిక సరిహద్దులుగా భావించే ప్రమాదం వాటిలో ఉన్నది. ఈ మూడు పేర్లను ఈ వ్యాసంలో మూడు జీవన విధానాలకు గుర్తులుగా వాడుతున్నాను: జనగామ మెట్టసేద్యపు పల్లె, మహబూబాబాద్ లంబాడీ తండా, భూపాలపల్లి గని కాలనీ. ప్రతి జిల్లాలోనూ మిగిలిన రెండింటి ఛాయలు ఉన్నాయి.

2. ఒకే మండలంలోని రెండు బాల్యాలు

పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనివే. తెలుగు కావ్యాలలో బాల్యాన్ని వెతికేవారికి ఇంతకన్నా దగ్గరి ఆధారం లేదు. అయినా వీరిద్దరినీ ఈ కోణంలో కలిపి చదవడం అరుదు.

పోతన భాగవతం దశమస్కంధంలోని బాలక్రీడల ఘట్టంలో కృష్ణుడు తోటి పిల్లలతో ఆడే ఆటలు ఒక సీసపద్యంలో కనిపిస్తాయి. తాను ఆబోతునని, మిగిలినవారు ఆవులని రంకెలు వేస్తాడు. తాను రాజునని వారిని భటులుగా చేసి పనులు పురమాయిస్తాడు. తాను దొంగనని, వారు ఇంటివారని చెప్పి నిద్రపుచ్చి సొమ్ములతో దాక్కుంటాడు. తాను సూత్రధారినని వారిచేత వేషాలు కట్టిస్తాడు. దాగిలిమూతలు, ఉయ్యాల, చేబంతి ఎత్తుగీతిలో వస్తాయి. వ్యాఖ్యాతలు దీనిని లీలగా, పరమాత్మ తత్త్వానికి సూచనగా వివరించారు. ఆ అర్థం కవికి ఉద్దిష్టమే. దానితోపాటు ఈ పద్యం 15వ శతాబ్దపు పల్లెలో పిల్లలు చుట్టూ చూసిన లోకాన్ని, అంటే మందను, కొలువును, దొంగతనాన్ని, పగటివేషాన్ని ఆటగా మార్చుకున్న తీరుకు నమోదు కూడా. గమనించవలసినది మరొకటి ఉన్నది. నాలుగు పాత్రలలోనూ పైచేయి నందుని కొడుకుదే. తక్కినవారు ఆవులు, భటులు, ఇంటివారు, వేషధారులు. పాతకాలపు ఆటలో సమానత్వం ఉండేదని రాసేవారు ఈ పద్యాన్ని ఒకసారి మళ్లీ చూడాలి.

సోమనాథుని దగ్గర మనకు ఆడపిల్ల కనిపిస్తుంది. 'బసవపురాణం'లోని గొడగూచి కథలో తండ్రి చెప్పిన పనిగా శివునికి పాలు తీసుకువెళ్లిన చిన్నపిల్ల, దేవుడు నిజంగా తాగుతాడని నమ్ముతుంది. తాగకపోతే బతిమాలుతుంది, ఏడుస్తుంది. పెద్దలకు నైవేద్యం ఒక ఆచారం. పిల్లకు అది ఎదుట ఒకరు కూర్చుని తాగవలసిన పాలు. బెజ్జమహాదేవి కథలో శివునికి తల్లి లేదని జాలిపడిన స్త్రీ ఆయనను పసిబిడ్డగా చేసుకుని నీళ్లు పోస్తుంది, పాలు పడుతుంది. ముగ్ధభక్తికి నిదర్శనాలుగా మాత్రమే మనం ఈ కథలను పాఠం చెబుతున్నాం. బొమ్మకు అన్నం పెట్టే ఆటకూ ఈ భక్తికీ ఉన్న దగ్గరితనాన్ని సోమనాథుడు గుర్తించాడని నా అభిప్రాయం. మగపిల్లవాని ఆట వీధిలో మందితో నడిస్తే, ఆడపిల్ల ఆట ఇంటిపనికి నకలుగా, ఒక్కతెగా నడవడం కూడా ఈ రెండు కావ్యాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 'పండితారాధ్య చరిత్ర'లో సోమనాథుడు పేర్కొన్న తుమ్మెదపదాలు, గొబ్బిపదాలు, వెన్నెలపదాలు ఈ ఒంటరితనానికి ఒక మినహాయింపును సూచిస్తాయి. ఆడపిల్లలు గుంపుగా బయటికి రాగలిగినది పాటతో, పండుగతో. ఈ అంశానికి బొడ్డెమ్మ దగ్గర మళ్లీ వస్తాను.

3. 'పిచ్చి' నుండి 'హాబీ'కి

'వానికి బొంగరాల పిచ్చి' అనేది పల్లె మాట. 'అతని హాబీ స్టాంపుల సేకరణ' అనేది బడి మాట. 'అభిరుచి' అనే సంస్కృత పదం సాహిత్యంలో రుచి, ఇష్టం అన్న అర్థంలో పాతదే అయినా, పిల్లల తీరిక వ్యాపకం అన్న అర్థం దానికి ఇంగ్లిషు పాఠం ద్వారా వచ్చింది. ప్రవేశపత్రంలో, పరిచయ వాక్యాలలో 'నీ హాబీలు ఏవి?' అని అడిగినప్పుడు మొదటి తరం బడిపిల్లలు తడబడడానికి కారణం ఇష్టాలు లేకపోవడం కాదు, ఆ ప్రశ్న వెనుక ఉన్న జీవితం వేరు కావడం. హాబీకి పని నుండి విడదీసిన సమయం కావాలి, వస్తువులు దాచుకునే చోటు కావాలి, 'ఇది నాది' అనుకునే ఏకాంతం కావాలి.

ఈ మూడూ వ్యవసాయ కుటుంబంకన్నా ముందు జీతం కుటుంబానికి అమరాయి. భూపాలపల్లిలో కాకతీయ ఖని గనుల కాలనీలను ఈ దృష్టితో చూడాలి. గని జీవితం షిఫ్టులతో నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోతాడు. ఇంట్లో అలికిడి చేయరాదు కనుక పిల్లలు మైదానానికి పోతారు, లేదా చప్పుడు లేని పని వెతుక్కుంటారు. బొమ్మలు వేయడం, పత్రిక చదవడం అటువంటివి. 1947 జూలైలో మొదలైన 'చందమామ' వంటి పత్రిక నెలనెలా కొనడానికి నెల జీతం ఇల్లు అనువైనది. కాలనీలో ఆట స్థలం కంపెనీ ఇచ్చినది, వేళ కంపెనీ గంటకు లోబడినది. పల్లె పిల్లలకు చెరువుకట్ట, మర్రిచెట్టు ఎవరూ ఇచ్చినవి కావు.

రెండు లోకాల నడుమ ఒక ఆసక్తికరమైన వంతెన అగ్గిపెట్టె పటాలు. వీధిలో పారేసిన అగ్గిపెట్టెల, సిగరెట్టు పెట్టెల అట్టలు ఏరి, కత్తిరించి, అరుదైనదానికి ఎక్కువ విలువ కట్టి పిల్లలు ఆడిన ఆట ఇది. పైకి స్టాంపుల సేకరణను పోలి ఉంటుంది. కాని స్టాంపు దాచుకోవడానికి, పటం పణంగా పెట్టడానికి. సాయంత్రానికి మొత్తం ఓడిపోయి ఇంటికి పోవచ్చు, మరునాడు మళ్లీ ఏరుకోవచ్చు. హాబీ మనిషి దగ్గర నిలిచి పెరిగే సొత్తు. ఈ పటం మాత్రం రోజూ చేతులు మారుతూ తిరిగేది. పాత ఆటలన్నింటినీ 'ఆనాటి హాబీలు' అని అనువదించే మన వ్యాసాలు ఈ భేదాన్ని చెరిపివేస్తున్నాయి.

మరొక భేదం నియమాలకు సంబంధించినది. చిర్రగోనెలో గీత ఎక్కడ గీయాలి, తొండి చేసినవానికి ఏమి శిక్ష, ఎవరు దొంగ కావాలి అన్నవి ఆడే పిల్లలే తేల్చుకునేవారు. సగం సేపు ఆటకు, సగం సేపు జగడానికి పోయేది. చిన్నపిల్లలను చేర్చుకోవలసి వస్తే 'ఆటలో అరటిపండు' చేసేవారు. ఆ పిల్లవాడు పరుగెత్తుతాడు, కూత పెడతాడు, లెక్కలోకి మాత్రం రాడు. రెండేళ్లలో చూసి నేర్చుకుని లెక్కలోకి వస్తాడు. ఆట ఒక తరం నుండి మరొక తరానికి చేరిన దారి ఇదే. బ్రిటన్‌లో అయోనా ఓపీ, పీటర్ ఓపీ దంపతులు 1959లో వెలువరించిన గ్రంథంలో, పిల్లల పాటలు, ఆటమాటలు పెద్దల ద్వారా కాక పిల్లల నుండి పిల్లలకే సంక్రమిస్తాయని విస్తృతమైన సేకరణతో చూపారు. అక్కడ తరం అంటే ముప్పై ఏళ్లు కాదు, బడిలో గడిపే కొద్ది ఏళ్లు. మన పరిశోధన తాతను, తండ్రిని, మనుమడిని మూడు తరాలుగా పెట్టి అడుగుతుంది. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లకు ఏమి నేర్పుతున్నదో అడగదు. అందుకే ఆట ఆగిపోయిన చోటు మనకు దొరకడం లేదు.

ఆగిపోయిన చోట్లలో ఒకటి వసతి పాఠశాల కాలపట్టిక అని చెప్పక తప్పదు. ప్రార్థన, తరగతి, ఆట, స్టడీ అవర్ గంటల చొప్పున సాగే చోట ఆట కూడా వ్యాయామ ఉపాధ్యాయుని ఈలతో మొదలవుతుంది. వయసులవారీగా జట్లు ఉంటాయి కనుక 'అరటిపండు'కు చోటు లేదు. అయితే ఇంతటితో ఆగి నిందించడం అన్యాయం. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో, ఎవరెస్టు శిఖరం చేరింది. పొలంపనికో, తమ్ముని సాకడానికో ఇంట నిలిచిపోవలసిన ఆడపిల్లలకు ఆట గంట అనేది ఒకటి ఉండడమే కొత్త సంగతి. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను హక్కుగా చెప్పింది. భారతదేశం 1992లో దానిలో చేరింది. కాగితం మీది ఆ హక్కు దళిత, గిరిజన బాలికలకు ఎంతో కొంత అందినది వసతి పాఠశాల కాలపట్టిక రూపంలోనే. పిల్లల స్వయంపాలన అక్కడ తగ్గింది. పిల్లల మీది పనిభారం కూడా అక్కడే తగ్గింది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పగలిగే పరిశోధన మనకు కావాలి.

4. బొడ్డెమ్మ, తీజ్

బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పక్షంలో పెళ్లికాని ఆడపిల్లలు ఆడుకునేది బొడ్డెమ్మ. పీట మీద పుట్టమన్నుతో అంతస్తులుగా పేర్చి, పూలతో అలంకరించి, సాయంత్రాలు చుట్టూ తిరుగుతూ పాడతారు. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ, బాయి బొడ్డెమ్మ అని రూపభేదాలున్నాయి. చివరి రోజు బొడ్డెమ్మను నిద్రపుచ్చే పాట పాడి నీళ్లలో కలుపుతారు. మట్టి పిసకడం, పూలు ఏరడం, పాట నేర్వడం, చిన్నపిల్లలను కూడగట్టడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక ఆడపిల్ల 'అభిరుచి' అని దేనినైనా అనదలిస్తే దీనినే అనాలి. పాటల సంకలనాలు బొడ్డెమ్మను బతుకమ్మకు ముందుమాటగా ఒక పుటలో ముగించడం వల్ల ఇది పిల్లల ఆట అన్న సంగతి వెనుకకు పోయింది.

మహబూబాబాద్ తండాలలో దీనికి సాటి తీజ్. శ్రావణ మాసంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటకూ పాటలతో నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. బుట్టలను మంచెపై ఉంచుతారు. రేగుముళ్లకు నానబెట్టిన శనగలు గుచ్చే ఘట్టంలో మగపిల్లలు కొమ్మ ఊపి అల్లరిపెడతారు. చివరి రోజు మొలకలను పంచుకుని బుట్టలను నీటిలో కలుపుతారు. ఆట, పూజ, సేద్యం ఇందులో విడదీయరానివి. గోర్‌బోలీలో సాగే ఈ పాటలు తెలుగు శాఖల పరిశోధనలో అనువాదంగానే ప్రవేశిస్తున్నాయి. పిల్లలు ఆటలో వాడే మాటలు, వెక్కిరింతలు ఆ అనువాదంలో మొదట రాలిపోయేవి.

రెండు పండుగల గతి మాత్రం వేరైంది. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. దసరా సెలవులు సాధారణంగా బతుకమ్మ రోజులను ఆసరా చేసుకుని మొదలవుతాయి. బొడ్డెమ్మ రోజులు ఆ సెలవులకు ముందు, పాఠాలూ పరీక్షలూ నడిచే వారాలలో పడతాయి. వసతి పాఠశాలలో ఉన్న పిల్ల ఇల్లు చేరేసరికి బొడ్డెమ్మ నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. ఆమెకు తల్లితో కలిసి ఆడే బతుకమ్మ దక్కుతుంది. తోటి పిల్లలతో తామే పేర్చుకునే బొడ్డెమ్మ దక్కదు. ఇందులో సెల్‌ఫోను పాత్ర ఏమీ లేదు. తీజ్ మరో దారి పట్టింది. తండాలలో సామూహిక ఉత్సవంగా, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో విద్యార్థుల వేడుకగా అది విస్తరించింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామపంచాయతీలైన తరువాత దానికి వేదిక, అతిథులు, ఉపన్యాసాలు కూడా చేరాయి. గుర్తింపు రాజకీయాల దృష్టితో ఇది బలం. బాల్యం దృష్టితో చూస్తే, పన్నెండేళ్ల పిల్ల బుట్ట ముందు నుండి వేదిక కిందికి జరిగింది. అంతరించడం, విస్తరించడం అన్న రెండే మాటలతో ఈ రెండింటినీ వివరించలేము.

5. సూత్రధారి చేతిలో ఫోను

కోవిడ్ కాలంలో తెలంగాణ పాఠశాలల డిజిటల్ పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ ద్వారా 2020 సెప్టెంబరు 1న మొదలయ్యాయి. మరునాడే, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. ఒకే వారంలో తెర పిల్లలకు పాఠమూ అయింది, అపరాధమూ అయింది. ఫోను పిల్లల చేతికి తనంతట తాను రాలేదు, పెద్దలే చదువు పేరిట ఇచ్చారు. ఈ సంగతిని మన ఆవేదనా వ్యాసాలు సౌకర్యంగా మరచిపోతాయి.

ఫోనుతో పిల్లలు చేస్తున్నదంతా ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. ఊరి సందులో నలుగురు పిల్లలు చేరి, ఒకరు సర్పంచిగా, ఒకరు పోలీసుగా, ఒకరు సారుగా చిన్న వీడియో తీయడం పోతన పద్యంలోని ఆటకు దూరపుది కాదు. అక్కడ రాజు, భటులు, దొంగ, ఇంటివారు. ఇక్కడ పాత్రల పేర్లు మారాయి. 'నేను సూత్రధారిని' అన్న మాట ఇక్కడ ఫోను పట్టుకున్న పిల్లవానిది. భేదం చూసేవారి దగ్గర వస్తుంది. గోపబాలుర ఆటకు ప్రేక్షకులు లేరు. ఆడేవారే చూసేవారు. వీడియో ముగిసిన తరువాత ఎందరు చూశారన్న లెక్క మిగులుతుంది, ఆ లెక్క మరునాటి ఆటను నిర్ణయిస్తుంది. బండ మీది పులిజూదంలో ఓడినవాడు గీతలు చెరిపివేసి లేచేవాడు. ఫోను ఆటలో నియమాన్ని మార్చమని జగడమాడే వీలు లేదు. అది ఎక్కడో, ఎవరో పెద్దలు రాసిపెట్టినది. తొండి చేయడానికి కూడా చోటు లేని ఆటను పిల్లల ఆట అనవచ్చునా అన్న సందేహం నాకు ఉన్నది.

ఈ తరం అభిరుచులపై క్షేత్రపర్యటనకు పోయే పరిశోధకుడు సాధారణంగా 'రోజుకు ఎన్ని గంటలు ఫోను చూస్తారు?' అని ప్రశ్నావళిలో అడుగుతున్నాడు. దానికన్నా ముందు అడగవలసినది, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను సాయంత్రం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. అన్న ఆడుతుంటే వెనుక నిలబడి చూసే చెల్లెలు, అంట్లు తోమి వచ్చేసరికి చార్జింగు అయిపోయే చెల్లెలు ఆ గంటల లెక్కలో ఎక్కడా పడదు. చంకన పిల్లను వేసుకుని ఒక చేతితో కచ్చకాయలు ఆడిన ఆమె అమ్మమ్మ కూడా ఏ జాబితాలోనూ పడలేదు.